రేకు మోగితే మోటారు కట్టాలి

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను, ఎంవీపీ కాలనీలో ఉండే మామూలు గృహిణిని. 15 ఏళ్ల కుర్రాడికి తల్లిని. ఇవాళ చెప్పేది కూడా మా ఇంటి నీళ్ల మోటారు గురించే.

పొద్దున్నే మోటారు వేసి, ట్యాంకు నిండాక కట్టడం మావాడి పని. "20 నిమిషాలయ్యాక కట్టెయ్ నాన్నా" అంటే సరే అనేవాడు. అరగంటకి మేడ మీంచి కారిన నీళ్లు సందు దాటి ఎదురింటి గుమ్మం దాకా పోయేవి. వాడు స్విచ్చు పక్కనే కుర్చీలో కూర్చుని ఉండేవాడు! ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. మా అత్తగారైతే "వీడికి ఒళ్లు వంగదు" అని తేల్చేశారు.

తర్వాత తెలిసింది, వాడికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని. కడుపుతో ఉన్నావిడ తాగిన మద్యం మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. దాన్ని అరాయించుకునే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా ఉండదు. దెబ్బ మెదడుకి తగులుతుంది. కల్లయినా, బీరయినా, విస్కీ అయినా ఒకటే. ఇంతవరకు ఫర్వాలేదనే కొలత లేదు. ఈ పేరు పెట్టింది అమెరికాలో సియాటిల్ డాక్టర్లు, 1973లో. మేం వాణ్ణి దత్తత తీసుకున్నాం, ఫైల్లో కన్నతల్లి గురించి ఒక్క ముక్క లేదు. సన్నటి పై పెదవి, ముక్కు కింద గాడి లేకుండా నున్నగా ఉండటం, చిన్న కళ్లు, తగ్గిన ఎదుగుదల, ఇవన్నీ చూసే డాక్టరుగారు చెప్పారు. మద్యం ప్రభావం పడిన పిల్లల్లో ఎక్కువమందికి ముఖంలో ఏమీ తెలియదు, అందుకే వాళ్లకి తిట్లు ఇంకా ఎక్కువ. ఆ తల్లిని మాత్రం నేనేమీ అనను. నెల తప్పిన సంగతి తెలియకముందే తాగిందేమో.

మళ్లీ మోటారు దగ్గరికొద్దాం. 20 నిమిషాలంటే ఎంతసేపో వాడికి లోపల తెలియదు. పొయ్యి మీద కూర పెట్టి వేరే గదిలో ఉన్నా మనకి ఓ క్షణంలో గంట కొట్టినట్టు గుర్తొస్తుంది కదా, వాడికి ఆ గంట లేదు. మా ఆయన ట్యాంకు పొంగే గొట్టం కింద పాత నూనె డబ్బా రేకు ఒకటి బిగించారు. నీళ్లు పొంగితే టపటపా మోగుతుంది. "రేకు మోగితే కట్టెయ్" అన్నాం, అంతే. మర్నాటి నుంచి సందు పొడిగా ఉంది.

అప్పుడు నాకు ఇంకోటి వెలిగింది. చెత్త పని వాడెప్పుడూ మరిచిపోలేదు. మున్సిపాలిటీ బండి పాట పాడుకుంటూ వస్తుంది మరి! తడిచెత్త ఆకుపచ్చ బుట్ట, పొడిచెత్త నీలం బుట్ట పట్టుకుని నాకంటే ముందు గేటు దగ్గరుంటాడు.

"బట్టలు ఆరెయ్" అంటే ఒకసారి బకెట్లోవన్నీ ముద్దగా తీగ మీద పడేశాడు. మన వైజాగ్ ఉక్కకి సాయంత్రానికి ముక్కు మూసుకోవాల్సొచ్చింది. ఇప్పుడు నేనే ఒక చొక్కా దులిపి, క్లిప్పు పెట్టి చూపిస్తా. రెండోది వాడు వేస్తాడు. నిన్న వచ్చిన పని ఇవాళ రాకపోవచ్చు. అప్పుడు మళ్లీ మొదటి చొక్కా నేనే వేస్తా. విసుగు రాదా అంటే వస్తుంది, ఎందుకు రాదు?

అన్నిటికంటే నన్ను ఏడిపించింది అబద్ధాలు. "తులసికోటలో నీళ్లు పోశావా?" "పోశానమ్మా." చూస్తే మట్టి బీటలు తీసుంటుంది. వాడు పోసింది నిన్న. జ్ఞాపకంలో ఖాళీ వస్తే వాడి మెదడు తోచినదాంతో నింపేస్తుంది, అది నిజమేనని వాడూ నమ్ముతాడు. అది తెలిశాక అడగడం మానేశాను. "పద, మొక్కల దగ్గరికెళ్దాం" అంటాను.

డబ్బు విషయంలో మాత్రం ఇంకా భయమే. ఎవరడిగినా ఇచ్చేస్తాడు. రైతు బజారుకి తీసుకెళ్తా, అక్కడ రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి టమాటాలు వాడే కొంటాడు. నేను నాలుగడుగుల దూరంలో సంచీ పట్టుకుని నిలబడతా.

రేకుతో అన్నీ తీరిపోయాయనుకోకండి. మొన్న వాన పడింది, రేకు మోగింది. వాడు పరిగెత్తుకెళ్లి స్విచ్చు నొక్కాడు. ఆగి ఉన్న మోటారు కాస్తా ఆన్ అయింది. స్విచ్చు పక్కన ఎర్ర బల్బు ఒకటి పెట్టిద్దాం అంటున్నారు మా ఆయన. ఎలక్ట్రీషియన్ రేపొస్తానన్నాడు.