ఒక బల్బు, ఒక పంచె, మా అమ్మమ్మ

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ ఫొటో స్టూడియోలో తీసింది కాదు. మా ముందుగదిలో, రాత్రి ఎనిమిది గంటలకు, ఒకే ఒక్క బల్బు వెలుగులో తీశాను. కూర్చున్నది మా అమ్మమ్మ. కెమెరా బయటికి తీయగానే ఆమె అడిగిన మొదటి మాట: "ఏమిరా, దండ వేయడానికా?"

ఇప్పుడు ఈ రెండో ఫొటో చూడండి. అదే కుర్చీ, అదే చీర. కెమెరా మీది ఫ్లాష్‌తో తీశాను. ముఖం పిండి అద్దినట్టు తెల్లబడింది. కారణం చిన్నదే. మనం చూస్తున్న వైపు నుంచే వెలుగు కూడా వెళ్తే నీడలన్నీ మనిషి వెనక్కి పోతాయి. నీడ లేకపోతే ముక్కుకు ఎత్తు లేదు, బుగ్గకు గుండ్రం లేదు. గుర్తింపు కార్డులో మన ముఖం మనకే పరాయిగా కనిపించడానికి సగం కారణం ఇదే.

అందుకే వెలుగును పక్కకు జరపాలి. 20 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకున్నాను. దాని ముందు బట్టలు ఆరేసే స్టాండు పెట్టి, తాతగారి తెల్ల పంచెను ఒక పొరగా వేలాడదీశాను. బల్బు బట్టకు అడుగున్నర దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే పంచె మధ్యలో ఒక చుక్కే వెలుగుతుంది. మనకు పంచె మొత్తం వెలగాలి. వెలిగే వస్తువు ఎంత పెద్దదైతే నీడ అంచులు అంత మెత్తబడతాయి. వేడెక్కే పాత ఫిలమెంటు బల్బుతో, హాలోజెన్ దీపంతో మాత్రం ఈ పని చేయకండి, బట్ట అంటుకుంటుంది.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 19వ శతాబ్దపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలంలో ఫొటోలకు పగటి వెలుగే ఆధారం. ఆనాటి స్టూడియోలలో అద్దాల పైకప్పు నుంచి దిగే ఎండను తెరలతో అదుపు చేసేవారు. మనకు ఎండ బదులు బల్బు, అంతే.

పంచెను అమ్మమ్మకు రెండడుగుల దూరంలో, ఒక పక్కగా, కంటికన్నా కాస్త ఎత్తులో ఉంచాను. కుర్చీని గోడ నుంచి ఐదారు అడుగులు ముందుకు జరిపాను. దూరం రెట్టింపైతే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మా సున్నం గోడ ఫొటోలో నల్లటి తెరలా కనిపిస్తోంది. నల్ల గుడ్డ కొనలేదు.

ఇప్పుడు దగ్గరగా చూడండి. నీడ వైపు బుగ్గ మీద, కంటి కింద, చిన్న వెలుగు ముక్కోణం. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే పద్ధతి ఇది. అది కుదరడానికి నేను బల్బును కదపలేదు. తలను కొద్దికొద్దిగా తిప్పమని అమ్మమ్మనే అడిగాను. నీడ మరీ నల్లగా ఉంటే అటువైపు ఒక థర్మోకోల్ అట్ట నిలబెట్టండి. నేను పెట్టి, తీసేశాను. ఆ ముడతలు నాకు కావాలి.

కళ్లజోడు మాత్రం అరగంట తిన్నది. అద్దాల్లో పంచె మొత్తం కనిపిస్తోంది! చివరికి జోడు కాడలను చెవుల మీద రవ్వంత పైకెత్తితే అద్దాలు కిందికి వాలాయి, మెరుపు పోయింది.

కెమెరా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయండి, లేకపోతే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. షట్టర్, అంటే కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 1/50 వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాంతో కొన్ని బల్బులు కంటికి కనపడకుండా మిణుకుతాయి కాబట్టి, షట్టర్ వేగం పెంచితే కొన్ని ఎల్‌ఈడీ బల్బుల కింద ఫొటోలో చారలు పడతాయి. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె) 2.8, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 800 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. అంత నిదానమైన షట్టర్‌కు ట్రైపాడ్ ఉంటే మంచిది. నేను స్టూలు మీద బియ్యం డబ్బా పెట్టుకున్నాను.

ఫొటో చూపించాను. అమ్మమ్మ చాలాసేపు చూసి, వేలితో తెర మీద ముక్కు దగ్గర తాకి, "ముక్కుపుడక బాగా పడింది, ఇది మీ పిన్నికి పంపు" అంది.