ఇంగ్లీషులో పరుగెత్తేవి, తెలుగులో నడిచేవి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క ఇంగ్లీషు మాట గురించే మాట్లాడతాను. చాలా చిన్న మాట, ఒకటో తరగతి పిల్లలకి కూడా వచ్చిన మాట. రన్. రన్ అంటే ఏమిటని ఎవర్ని అడిగినా పరుగెత్తడం అని చెప్తారు, తెలంగాణలో అయితే ఉరకడం అంటారు, రెండూ సరైన జవాబులే. కానీ ఆ సరైన జవాబు పట్టుకుని వెళ్ళిన మా పిన్ని ఒకరోజు ఎంత చిన్నబోయిందో మీకు చెప్పాలి.

మా పిన్నిది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. ఆ రోజుల్లోనే పదో తరగతి ప్యాసైంది. కూతురు టెక్సస్‌లో ఉంటుంది, మనవడు పుట్టాడని సాయానికి వెళ్ళింది. అక్కడ చలికాలంలో దగ్గు పట్టుకుంది, రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడింది, కూతురు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. కూతురు చంటిపిల్లాడితో బయట కూర్చుంది, పిన్ని ఒక్కతే లోపలికి వెళ్ళింది. నర్సు వచ్చి నవ్వుతూ అడిగింది, "ఆర్ యూ రన్నింగ్ ఎ టెంపరేచర్?" అని.

పిన్నికి రన్నింగ్ అన్న మాట స్పష్టంగా వినపడింది. ఆవిడకి పదేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. అందుకని ఎంతో మర్యాదగా, "నో నో. నో రన్నింగ్. ఓన్లీ వాకింగ్" అని చెప్పి, మోకాలు కూడా చూపించింది.

ఆ నర్సు మంచిపిల్లే, ఏమీ అనలేదు, చెవిలో థర్మామీటర్ పెట్టి చూసుకుంది. నూట ఒకటి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో కూతురు విషయం విని, "అమ్మా, జ్వరం ఉందా అని అడిగింది ఆవిడ" అంది. అంతే, పిన్ని ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. నాకు ఫోన్ చేసినప్పుడు అన్న మొదటి మాట, "నాకు అంతమాత్రం ఇంగ్లీషు కూడా రాదనుకుంది కదరా ఆ పిల్ల" అని.

నాకు మనసులో కలుక్కుమంది. ఎందుకంటే పిన్నికి ఇంగ్లీషు రాక కాదు. రన్ అంటే పరుగెత్తడమే. ఆవిడ నేర్చుకున్న అర్థం తప్పు కాదు, ఆవిడకి నేర్పినవాళ్ళు అక్కడితో ఆపేశారు.

ఆ మాటకి ఇంకా ఎన్ని అర్థాలున్నాయో చెప్తే ఆశ్చర్యపోతారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఉంది కదా, 1989లో వచ్చిన దాని రెండో కూర్పే 20 సంపుటాలు. అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టిన మాట సెట్. తర్వాత ఆ నిఘంటువుని మళ్ళీ దిద్దుతున్నప్పుడు రన్ దాన్ని దాటేసింది. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చుంటే, క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయని 2011లో వార్త వచ్చింది. ఒక్క మాటకి ఆరువందల నలభై అయిదు అర్థాలు! ఇంగ్లీషు చదువుకున్న ఒక మనిషి తొమ్మిది నెలలు కూర్చుని తేల్చినదాన్ని మా పిన్ని ఒక్క నిమిషంలో తేల్చుకోలేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయంటే, యంత్రాల వల్ల చాలా వచ్చాయి. ఆవిరియంత్రాలు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి, ఇంగ్లీషువాళ్ళకి అవన్నీ పరుగెత్తుతున్నట్టు కనపడ్డాయి. యంత్రం రన్ అవుతుంది, రైలు రన్ అవుతుంది, ఫ్యాక్టరీని రన్ చేస్తారు, ఆఖరికి కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ కూడా రన్ అవుతుంది. హైదరాబాదులో మన సాఫ్ట్‌వేర్ పిల్లలు పొద్దస్తమానం "రన్ చేశావా, రన్ అయిందా" అంటూ ఉంటారు, కుర్చీలోంచి లేవకుండా.

క్రికెట్ చూడండి. 22 గజాల ఎడం ఉన్న రెండు వికెట్ల మధ్య ఈ చివర్నించి ఆ చివరికి పరుగెత్తితే ఒక రన్. పూర్వం ఇంగ్లండులో ఈ లెక్కని కర్ర మీద గాట్లు పెట్టి ఉంచుకునేవాళ్ళు, మన ఇళ్ళలో పాల లెక్కకి గోడ మీద గీతలు గీసుకున్నట్టు. పరుగెత్తితేనే గాటు. ఇప్పుడో, బంతి బౌండరీ దాటితే బ్యాటర్ అడుగు కదపకపోయినా నాలుగు పరుగులు! పరుగే లేని పరుగు. క్రికెట్ చూసే మనం దానికి ఒక్కరోజు కూడా ఆశ్చర్యపోలేదు, అలవాటైపోయింది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన సంగతికి వస్తాను. ఇంగ్లీషులో బస్సు పరుగెత్తుతుంది, తెలుగులో బస్సు నడుస్తుంది. ఆలోచించండి. "ఈ రూటులో బస్సులు నడుస్తున్నాయా" అంటాం కానీ పరుగెత్తుతున్నాయా అనం. ఇంగ్లీషులో కొట్టుని రన్ చేస్తారు, మనం కొట్టు నడుపుతాం. అక్కడ ఇంటిని రన్ చేస్తారు, మనం సంసారం నడుపుకొస్తాం. కోర్టులో కేసు నడుస్తుంది, శ్రావణమాసం నడుస్తోంది, జాతకంలో శని నడుస్తోంది, పక్కింటివాళ్ళకీ మనకీ మాటలు నడవడం లేదు! తెలంగాణలో స్నేహితుడు కనపడితే "ఏం నడుస్తుందే" అని పలకరిస్తారు, అందులో కాళ్ళ ప్రసక్తే లేదు. వాళ్ళకి రన్ ఎలాగో మనకి నడక అలాగ. వాళ్ళు పరుగెత్తించిన చాలావాటిని మనం నడిపించాం. మా పిన్ని "నో రన్నింగ్, ఓన్లీ వాకింగ్" అన్నప్పుడు, తనకి తెలియకుండానే, రెండు భాషల మధ్య ఉన్న అసలు తేడా చెప్పేసిందని నాకు అనిపిస్తుంది. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. మొదటిసారి నవ్వింది.

అన్నీ నడక కిందకి రావులెండి. ముక్కు కారుతుంది, కాలవ పారుతుంది, చీర రంగు దిగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. అన్నిటికీ అక్కడ రన్నే. ఎన్నికల్లో అయితే అమెరికావాళ్ళు పరుగెత్తుతారు, బ్రిటన్‌వాళ్ళు నిలబడతారు, మనం కూడా నిలబడేవాళ్ళమే. ఇక ఇంట్లో బియ్యం రన్ అవుట్ అయితే, మన పెద్దవాళ్ళు అయిపోయాయని అనరు, లేవని అసలు అనరు, నిండుకున్నాయి అంటారు. ఖాళీ డబ్బా చూసి నిండుకుందనే భాష మనది! అలాంటి భాష మాట్లాడేవాళ్ళకి ఒక మాట వెనక ఇంకో అర్థం ఉంటుందంటే అర్థం కాకపోదు. ఎవరైనా దగ్గర కూర్చుని చెప్పాలి, అంతే.

ఎలా చెప్పాలి? ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటారని ఆశపడుతున్నాను. మన పిల్లల నోటుపుస్తకాల్లో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట, మధ్యలో గీత ఉంటాయి. రన్, పరుగెత్తుట. దయచేసి అలా రాయించకండి. మాటని ఒంటరిగా రాయించకండి, జతతో రాయించండి. బస్ రన్స్, బస్సు నడుస్తుంది. నోస్ రన్స్, ముక్కు కారుతుంది. రన్ ఎ షాప్, కొట్టు నడపడం. రన్ ఎ టెంపరేచర్, జ్వరం ఉండటం. రోజుకి ఒక జత చాలు. ఇంకా అనుమానముంటే, రన్ తీసేసి దాని చోట ఇంకో మాట పెట్టి చూడమనండి. కొట్టు దగ్గర మేనేజ్ సరిపోతుంది, కాలవ దగ్గర ఫ్లో సరిపోతుంది, యంత్రం దగ్గర వర్క్ సరిపోతుంది. పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కడైనా పెట్టేసేవి అనుకుంటాం. కాదు, ఒక్కోటి ఒక్కో చోటే అతుకుతుంది. ముక్కుని మేనేజ్ చేయలేం కదా.

పిన్నికి నేను ఫోన్‌లో చెప్పింది ఇదే. ఆవిడ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంది. మొదటి పేజీలో మొదటి వాక్యం ఏమిటో మీరు ఊహించగలరు, ఆ నర్సు అడిగిన ప్రశ్నే, కింద తెలుగులో "జ్వరం ఉందా" అని. వారానికి అయిదారు జతల చొప్పున, మార్చి నెల వచ్చేసరికి రన్‌కే నాలుగు పేజీలు అయ్యాయి. మనవడికి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు, రెండు రోజుల నుంచి ముక్కు కారుతోందని ఆవిడే ఇంగ్లీషులో చెప్పిందట, కూతురు పక్కన నిలబడి విన్నదట.

మొన్న కూతురు నాకో ఫోటో పంపింది. ఫ్రిజ్ తలుపు మీద పిన్ని అతికించిన పసుపు కాగితం. ఇంగ్లీషు అక్షరాల్లో, గుండ్రటి తెలుగు చేతిరాతతో, "కరివేపాకు ఈజ్ రన్నింగ్ అవుట్" అని ఉంది. దాని కిందే, తెలుగులో, "నిండుకుంటోంది".