మూడో హెచ్చరిక దాకా ఆగకూడదు

హోస్ట్: నమస్కారమండి. గోదావరి డెల్టాలో చిన్న మ్యూజియంలు, ఊరి గ్రంథాలయాలు, గుళ్లలో తాళపత్రాల కట్టలు, పాత ఆఫీసు బీరువాల్లో రికార్డులు చాలానే ఉన్నాయి. వీటన్నిటికీ అండగా ఉండే ప్రాంతీయ కార్యాలయాన్ని ఎలా నడపాలన్నది ఈ ఎపిసోడ్. మేడమ్‌గారూ, ముందు ఒక భయం గురించి అడుగుతాను. కార్యాలయం మనుషులు వచ్చారనగానే ఊళ్లో అనుకునే మాట, "మా దగ్గరున్నది పట్టుకుపోతారేమో" అని.

అధికారి: ఆ భయాన్ని మొదటిరోజే తీర్చాలండి. వస్తువులు పోగుచెయ్యడం ఈ కార్యాలయం పని కాదు, ఉన్నచోటే అవి నిలిచేలా చూడటం. రాజమండ్రిలో రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, గౌతమీ గ్రంథాలయం, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం అందరికీ తెలిసినవే. లంక ఊళ్లో గ్రంథాలయం అలా కాదు. తాళం తీసేది, ఊడ్చేది, పుస్తకం ఇచ్చేది ఒక్క మనిషే. ఆ మనిషి దగ్గరికి ఏడాదికి మూడుసార్లు వెళ్లి, పక్కన కూర్చుని పని చేసి చూపించాలి. ఉత్తరాలు, సర్క్యులర్లు పంపితే ఏ పనీ జరగదు.

హోస్ట్: ఆ మూడుసార్లు ఎప్పుడెప్పుడు?

అధికారి: మే, సెప్టెంబరు, జనవరి. గోదావరికి వరద జూలై, ఆగస్టుల్లో. 1986 పెద్ద వరద ఆగస్టులోనే కదా. తుపాన్లు అక్టోబరు, నవంబరు. కోనసీమ తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. అందుకని మేలో భవనం చూడాలి, సెప్టెంబరులో బూజు చూడాలి. జనవరిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కట్టలు విప్పి శుభ్రం చెయ్యడం, రిజిస్టరు సరిచూడటం అప్పుడు పెట్టుకోవాలి. వానాకాలంలో తాళపత్రం కట్ట విప్పితే తేమని లోపలికి పిలిచినట్టే.

హోస్ట్: మేలో భవనం చూడటమంటే?

అధికారి: డాబా ఎక్కి, నీళ్లు పోయే గొట్టం దగ్గర రెండు బకెట్లు పోసి చూడాలి. కొబ్బరి మట్టలు, ఆకులు పడి గొట్టం మూసుకుపోతే నీళ్లు డాబా మీదే నిలిచి గోడలోకి దిగుతాయి. చాలాచోట్ల రికార్డులు తడిసేది ఇలాగే, వరదకి కాదు. తర్వాత బీరువాలు. గోడకి ఆరంగుళాలు ఎడం ఉండాలి. అన్నిటికన్నా కింది అర నేల మీద నుంచి కనీసం ఆరంగుళాలు. వరద ఊళ్లలో అదీ చాలదు. 86లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని పెద్దవాళ్లని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అక్కడ పెయింటుతో గీత గీసి, ఆ గీతకి ఇంకో అడుగు పైన ఉన్న అరల్లోనే మళ్లీ దొరకని కాగితాలు పెట్టాలి. కింది అరల్లో ఇంకోచోట కూడా దొరికే అచ్చు పుస్తకాలు.

హోస్ట్: తేమ సంగతి? గదిలో 50 శాతం ఉండాలని ఎక్కడ చూసినా రాస్తారు.

అధికారి: డెల్టాలో వానాకాలం 50 అంటే, రాత్రీపగలూ ఏసీ నడిచే గదిలో తప్ప కుదరదండి. 65 దాటకుండా చూడమని చెబుతాం. 65 దాటి అలాగే ఉండిపోతే బూజు మొదలవుతుంది, 75 పైన రోజుల్లోనే కనిపిస్తుంది. ఇక ఏసీ ఉన్నచోట జరిగే పొరపాటు ఒకటుంది. పొద్దున పదింటికి వేసి సాయంత్రం ఐదింటికి ఆపేస్తారు. రాత్రి బయటి తడిగాలి లోపలికి వచ్చి, చల్లబడ్డ అట్టల మీద, ఇనప బీరువా మీద చెమ్మ కడుతుంది. పగలొక తేమ, రాత్రొక తేమ. దానికన్నా అసలు ఏసీ లేకపోవడమే మేలు. ఇరవైనాలుగు గంటలూ నడపలేకపోతే మానెయ్యండి. ఎదురెదురు కిటికీలకి దోమల వల కొట్టించి, ఎండ కాసినప్పుడు తెరిచి, నడవలో ఫ్యాను పెట్టండి. గాలి కాగితం మీదకి కొట్టకూడదు, బీరువాల మధ్య నుంచి పోవాలి.

హోస్ట్: అసలు తేమ మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయా అన్నది ఇంకో ప్రశ్న.

అధికారి: అది ఉప్పుతో తేలిపోతుంది. సీసా మూతలో చెంచాడు వంటుప్పు పోసి, కొద్ది చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చెయ్యాలి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్నీ జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూసి, ఎనిమిది పది గంటలు కదపకుండా ఉంచాలి. మీటరు 75 చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు ఐదు తక్కువ చెబుతోందని, వెనకాల చీటీ అంటించి వాడుకోవచ్చు. కొత్త మీటరు కొనక్కర్లేదు. ఏటా మేలో ప్రతి మీటరుకీ ఇది చెయ్యాలి.

హోస్ట్: ఇంత చేసినా నీళ్లొచ్చి కాగితాలు తడిసిపోతే?

అధికారి: అప్పుడు మన చేతిలో ఉండేది నలభై ఎనిమిది గంటలు. ఈలోగా ఆరబెట్టాలి, లేదా గడ్డకట్టించాలి. వంద కాగితాలైతే ఆరబెట్టొచ్చు. రెండు బీరువాలు తడిస్తే అంత స్థలం, అన్ని చేతులు ఎక్కడివి? అందుకే గడ్డకట్టించడం. మన అదృష్టం ఏంటంటే భీమవరం చుట్టుపక్కల, కాకినాడ వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయి. మైనస్ ఇరవై దగ్గర నడిచే కోల్డ్ స్టోరేజీలు ఇంత దగ్గరగా ఎన్ని ప్రాంతాల్లో ఉంటాయి! దీన్ని వాడుకోవడమే డెల్టా కార్యాలయం అధికారి తెలివి.

హోస్ట్: వరద రోజున ఫోన్ చేసి అడిగితే ఇస్తారా?

అధికారి: ఆ రోజున వాళ్ల కరెంటు కష్టం వాళ్లది. మేలోనే వెళ్లి కాగితం మీద రాసుకోవాలి. ఎన్ని ట్రేలు, ఏ మూల, ఎన్ని వారాలు, అద్దె ఎంత, రాత్రిపూట గేటు తీసేది ఎవరు. వాళ్లకుండే అభ్యంతరం న్యాయమైనదే. బురద కాగితం తిండి సరుకు పక్కన పెట్టకూడదు. అందుకని ప్రతి కట్టనీ పాలిథిన్ కవర్లో పెట్టి సీలు చేసి, విడిగా ఉన్న చిన్న గదిలోనే ఉంచుతామని ఒప్పందంలో రాయాలి. ట్రేలు కూడా కొత్తవి కొని కార్యాలయంలో పెట్టుకోవాలి. రొయ్యలకి వాడిన ట్రేలు ఎంత కడిగినా ఉప్పు, వాసన వదలవు.

హోస్ట్: ట్రేల్లో సర్దే పద్ధతి కూడా చెప్పండి.

అధికారి: ముందు ఫోటో, తర్వాత చేతులు. తడిసిన పుస్తకం తెరవకూడదు, అంటుకున్న కాగితాలు విడదీయకూడదు. మూసి ఉన్న పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని, శుభ్రమైన నీళ్ల తొట్లో ముంచి పైబురద కడగొచ్చు, అదీ సిరా కారకపోతేనే. సిరా కారుతుంటే బురదతోనే పంపండి. ఆరాక దులపొచ్చు. కవర్లో పెట్టాక, వెన్ను కిందికి ఉండేలా ఒకే వరస, ట్రే సగానికి పైగా నింపకుండా. తడిసిన కాగితం బరువు బాగా పెరుగుతుంది, నిండా నింపిన ట్రే ఎత్తినవాళ్ల నడుం పడుతుంది, లేదా అడుగు ఊడి అంతా నేల మీద పడుతుంది. ప్రతి కవరు లోపలా పెన్సిలుతో రాసిన చీటీ: ఏ బీరువా, ఎన్నో అర. ఇది మరిచిపోతే ఆరు నెలల తర్వాత ఏ కట్ట ఎక్కడిదో దేవుడికే తెలియాలి. నున్నటి ఆర్ట్ పేపరు ముందు పంపాలి, అది ఆరితే పలకలా అతుక్కుపోతుంది. గాజు పలకల మీది పాత ఫోటో నెగటివులు మాత్రం ఫ్రీజర్‌కి అసలు పంపకూడదు. వాటిని నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి.

హోస్ట్: బయటికి తీయడం?

అధికారి: వారానికి పది పుస్తకాలు, మన చేతులు ఆడినన్ని. మెత్తబడ్డాక అచ్చు లేని న్యూస్‌ప్రింట్ అక్కడక్కడ పెట్టి, మొదట్లో గంట గంటకీ మార్చాలి. ఎండలో పెట్టొద్దు, కాగితం వంకర్లు పోయి పెళుసవుతుంది.

హోస్ట్: తాళపత్రాల దగ్గరికి వద్దాం. ఒక కట్ట టేబుల్ మీదకి వచ్చిందనుకోండి.

అధికారి: తాడు లాగకూడదు. పాత తాడు గరుకెక్కి, లాగినప్పుడు రంధ్రాన్ని కోసేస్తుంది. రంధ్రం నుంచి అంచుదాకా చీలిన పత్రాలన్నీ అలా చీలినవే. తాడుని కత్తెరతో కత్తిరించి, ముక్కలు పైకి తీయాలి. చెక్క పలకలు పక్కన పెట్టి, ఉన్న వరసలోనే పత్రాలు ఒక్కొక్కటీ తిప్పుతూ లెక్కపెట్టాలి. పత్రం అంచున ౧, ౨, ౩ అని అంకెలుంటాయి. తెలుగు అంకెలు చదవలేని కుర్రాళ్లు ఈ పనికి వస్తే వరస తారుమారవుతుంది, అందుకని మొదట ఆ పది అంకెలూ నేర్పాలి. దుమ్ము మెత్తటి కుంచెతో దులిపాక చూడాల్సింది: అక్షరం ఘంటంతో, అంటే ఇనప మొనతో గీసిందా, సిరాతో రాసిందా. వేలితో తడిమితే గాడి తెలుస్తుంది. గీసిందైతే నిమ్మగడ్డి నూనె దూదికి అద్ది, పత్రం పొడుగునా ఒకే వైపుకి తుడవాలి. ఆకు మెత్తబడుతుంది, పురుగు దూరమవుతుంది. అక్షరం వెలిసిపోతే అదే నూనెలో దీపపు మసి కలిపి రుద్ది, పైది తుడిచేస్తే గాడిలో నలుపు నిలుస్తుంది. సిరాతో రాసినదానికీ, రంగుల బొమ్మలున్నదానికీ నూనె తగలకూడదు. ఒక్క తుడుపుతో చెరిగిపోతుంది.

హోస్ట్: తిరిగి కట్టేటప్పుడు?

అధికారి: కొత్త నూలు తాడు, వదులుగా. పలకల మధ్య పత్రాలు కదలకుండా ఉంటే చాలు. ఉతికిన నూలుగుడ్డ చుట్టాలి, పాలిథిన్ వద్దు. పురుగు కనిపిస్తే మాత్రం కవర్లో గట్టిగా సీలు చేసి మైనస్ ఇరవైలో రెండు వారాలు. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి. ముందే విప్పితే చెమ్మ ఆకు మీద కడుతుంది.

హోస్ట్: రాగి శాసనాల మాటేమిటి?

అధికారి: చింతపండు! దయచేసి తామ్రశాసనానికి చింతపండు పెట్టకండి. బిందె తోమినట్టు తోమితే తళతళలాడుతుంది, అక్షరం అంచులు పోతాయి. సముద్రం దగ్గర కాబట్టి ఇంకో చిక్కుంది. రేకు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది ఉప్పు వల్ల వచ్చే జబ్బు, లోహాన్ని తినేస్తూ పోతుంది. గట్టిగా, నున్నగా ఉన్న ముదురు పచ్చకి భయం లేదు. పొడి రాలేదాన్ని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 40 లోపు ఉండేలా ఉంచి నిపుణుల్ని పిలవాలి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చకి తిరిగితే తడి పట్టిందని. 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

హోస్ట్: చెరువులు తవ్వేటప్పుడు విగ్రహాలు బయటపడితే ఆ ఫోన్ కూడా కార్యాలయానికే వస్తుంది కదా.

అధికారి: పొక్లెయిన్ ఆపించడం మొదటి పని. ఆ చోటు లొకేషన్, స్కేలు పక్కన పెట్టి ఫోటో, ఎంత లోతులో దొరికిందో కొలత. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. రైతు భయపడేది చెరువు పని ఆగిపోతుందని, అందుకే తహసీల్దారుతో మాట్లాడి అదే రోజు పంచనామా అయ్యేలా చూడటం కార్యాలయం చెయ్యగలిగిన పెద్ద సాయం. ఉప్పునేలలో పడి ఉన్న రాయి ఎండలో గబగబా ఆరితే, ఉప్పు పైకి వచ్చి పెచ్చులూడుతుంది. తడి గోనెపట్టా కప్పి నీడలో మెల్లగా ఆరనివ్వాలి. సున్నం, నూనె, పెయింటు ఏదీ పూయకూడదు.

హోస్ట్: రిజిస్టర్ల విషయంలో నాకు బాగా పట్టింపు ఉన్నది ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఊళ్ల పేర్ల ఎదురుగా జిల్లా పేరు కొట్టేసి కొత్తది రాస్తున్నారు.

అధికారి: అది చెయ్యకూడదండి. పాత ఎంట్రీ మీద గీత పడకూడదు. పక్కన ఇంకో కాలమ్ వేసి కొత్త జిల్లా రాయండి. ఇంకా పెద్ద తప్పు ఏంటంటే, ఒకే ఆఫీసు ఒకే వరసలో పెట్టుకున్న ఫైళ్లని ఊళ్లవారీగా విడగొట్టి కొత్త జిల్లాలకి పంచడం. కాలవ శిస్తు ఫైలు ముందు నంబరు అమలాపురంలో, తర్వాత నంబరు కాకినాడలో ఉంటే రెండూ అర్థం కావు. అసలు వరస ఒకచోట ఉంచి, మిగతావాళ్లకి స్కాన్ కాపీ ఇవ్వాలి.

హోస్ట్: స్కాన్ అంటే డిస్కులు కూడా లెక్కేసుకోవాలి. ఏ4 కాగితం 400 డీపీఐలో, అంటే అంగుళానికి 400 చుక్కలతో, రంగుల్లో, కుదించని టిఫ్ ఫైలుగా తీస్తే సుమారు 46 ఎంబీ. వెయ్యి పేజీలు 46 జీబీ. మూడు కాపీలు పెట్టాలి, ఒకటి డెల్టా బయట ఉండాలి.

అధికారి: గ్రాంటు అడిగేటప్పుడు ఆ లెక్కే రాయండి, స్కానరు ధర ఒక్కటే రాస్తే డిస్కులకి డబ్బు మిగలదు. గ్రాంటు డబ్బు ఖర్చుపెట్టామని చూపే వినియోగ ధ్రువపత్రం సమయానికి పంపకపోతే తర్వాతి విడత రాదు, అది కూడా క్యాలెండర్లో వేసుకోండి.

హోస్ట్: చివరిగా, వరద వస్తోందంటే కదలాల్సింది ఎప్పుడు?

అధికారి: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోదాకా ఆగితే రోడ్డు ఉండదు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది, ఆ రోజే మనకి పని రోజు. భద్రాచలంలో 48 అడుగులు, అంటే అక్కడి రెండో హెచ్చరిక వచ్చిందంటే, లంక ఊళ్లలో కింది అరలు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాలి. ముందు రిజిస్టరు, తర్వాత చేతిరాత కాగితాలు, ఆ తర్వాతే మిగతావి.

హోస్ట్: అర్ధరాత్రి అయితే?

అధికారి: అప్పుడు కావాల్సింది తాళంచెవి. రెండో తాళంచెవి అదే ఊళ్లో, గ్రంథాలయానికి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఎత్తైన ఇంట్లో ఉండాలి. అది ఎవరింట్లో ఉందో పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కార్యాలయంలో ఒకటి, పంచాయతీ ఆఫీసులో ఒకటి ఉంచాలి. టవర్లు పడిపోయిన రాత్రి ఫోన్లో దాచుకున్న నంబర్లు పనికిరావు. మేలో వెళ్లినప్పుడు ఆ రెండో తాళంచెవితోనే తలుపు తీయించండి. తుప్పు పట్టి తిరక్కపోతే అప్పుడే తెలుస్తుంది.