92 మార్కుల సీసా: ఆ మార్కులు చెబుతున్నది ఎవరు?

[తెరపై: సీసా మెడకు అతికించిన గుండ్రని బంగారు రంగు స్టిక్కరు. దాని మీద 92.]

నమస్కారం. మొన్న సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వచ్చాడు. మలికిపురంలో మా మేనత్త ఇంట్లో అరిసెల పళ్ళెం పక్కన ఈ సీసా పెట్టి, "92 మార్కుల వైను బావా, మామూలుది కాదు" అన్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ ఆ సీసాను పదో తరగతిలో జిల్లా ఫస్టు వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. నాకు అప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఎక్కడ వైను మాట వచ్చినా ఇదే వరస. కొట్టువాడు చూపించిన అంకెను పరీక్ష మార్కు అనుకుని నమ్మేస్తున్నాం.

ఒక మాట ముందే చెబుతాను. తాగమని చెప్పే వీడియో కాదిది. మద్యం ఆరోగ్యానికి హానికరం, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. డబ్బు పోసి కొనేవాళ్ళు అంకెను చూసి మోసపోకూడదన్నదే నా తాపత్రయం.

అసలు మనం ఆ అంకెకు ఎందుకు లొంగిపోతాం? వైను మనకు అలవాటు లేని రుచి కాబట్టి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న యానాం మన పక్కనే ఉన్నా, వైను మన ఇళ్ళలోకి రాలేదు. మన ఊళ్ళలో వైన్ షాపు బోర్డు కింద అమ్మేది బీరు, బ్రాందీ, విస్కీ. నాలుకకు తెలియని చోట కంటికి కనిపించే అంకే దిక్కవుతుంది.

ఇప్పుడు ఆ 92 సంగతి చూద్దాం. మన లెక్కలో వందకు 35 వస్తే పాసు, 92 వస్తే వీధంతా మిఠాయి. వైను లెక్క వేరు. వంద మార్కుల పద్ధతికి ఇంత పేరు తెచ్చిన మనిషి రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ లాయరు. 1978లో 'వైన్ అడ్వకేట్' అనే పత్రిక మొదలుపెట్టాడు. ఆయన పద్ధతిలో ఏ వైనుకైనా 50 మార్కులు ముందే పడిపోతాయి. మిగిలిన 50లో రంగుకు 5, వాసనకు 15, రుచికి 20, మొత్తం మీద నాణ్యతకు 10. అంటే మా బావ తెచ్చిన 92 అసలు లెక్కలో 50కి 42. ఫరవాలేదు, మంచి మార్కే. కానీ వీధంతా మిఠాయి పంచేంత కాదు.

పార్కర్ మీద నాకు గౌరవం ఉంది. ఆయన వైను కంపెనీల ప్రకటనలు వేసుకోలేదు. అమ్మేవాడి మాట మీద ఆధారపడకుండా కొనేవాడికి సొంత తూకం ఒకటి ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ తూకం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? అమ్మేవాడి చేతిలో. నా బాధంతా అక్కడే.

ఇది మన పులసతో చెబితే సులువుగా అర్థమవుతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత మీకు నేను చెప్పనక్కర్లేదు. గోదావరికి ఎర్రనీరు తగలగానే రోడ్డు పక్కన బుట్టలు వెలుస్తాయి. ప్రతి బుట్టా పులసే, ప్రతి పులసా గోదావరిదే. ఒడిశా నుంచి మంచుపెట్టెలో దిగిన సముద్రపు విలస కూడా ఆ బుట్టలోకి చేరేసరికి ఏటికి ఎదురీదిన చేప అయిపోతుంది. ఎవరు చెప్పారు? బుట్ట ముందు కూర్చున్న మనిషి. ఆ మనిషి చెప్పిన ప్రతిసారీ అబద్ధమని నేను అనను. చాలాసార్లు నిజమే కావచ్చు. కానీ చేప అమ్ముడైతేనే ఆ పూట గడిచే మనిషి చేపకు మార్కులు వేస్తే, ఆ మార్కుల్లో ఆ పూట అవసరం కూడా కలిసి ఉంటుంది.

వైను కొట్టు మీకు చూపించే అంకె కొన్నిసార్లు కొట్టు సిబ్బంది సొంతంగా వేసింది. అది బుట్ట ముందు మనిషి మాటే. కొన్నిసార్లు బయటి విమర్శకుడిది. ఇది నయం అనిపిస్తుంది. కానీ ఒకే వైనును నలుగురు విమర్శకులు రుచి చూసి 94, 90, 88, 87 వేశారనుకోండి. కొట్టులో సీసాల అరకు తగిలించే కార్డు మీద ఎక్కేది ఏది? 94 ఒక్కటే. కొట్టు అబద్ధం ఆడలేదు, మిగతా ముగ్గురినీ ఇంటి దగ్గర వదిలేసి వచ్చింది. మన పులస బేరంలో కూడా అంతే. "కాకినాడ నుంచి వచ్చినాయన లొట్టలు వేసుకుంటూ తిన్నాడండీ" అంటారు గానీ, ముల్లు తప్ప రుచి లేదని తిట్టిపోసిన రాజోలు ఆయన ఊసు ఎత్తరు.

విమర్శకుల మధ్య తేడా ఎంత ఉంటుందో తెలుసా? ఫ్రాన్సులోని బోర్డోలో షాతో పావీ అనే తోట ఉంది. దాని 2003 వైనును పార్కర్ ఆకాశానికి ఎత్తాడు. ఇంగ్లండుకు చెందిన జాన్సిస్ రాబిన్సన్ అదే వైనుకు 20కి 12 వేసింది. ఇద్దరూ ఆ రంగంలో తలపండినవాళ్ళే, ఇద్దరూ నిజాయితీగా చెప్పినవాళ్ళే. ఇక కొట్టువాడికి ఎవరి మాట కావాలో మీరే ఊహించుకోండి.

[తెరపై: ఫోనులో తీసిన ఫోటో. అరకు వేలాడుతున్న కార్డు.]

ఇప్పుడు ఇది చూడండి. కొన్న రోజున మా బావ సరదాగా తీసిన ఫోటో. అరకు వేలాడే ఎర్ర కార్డు. మీద బొటనవేలంత అంకె, 92. పెద్దది చేసి చూపిస్తాను. దాని కింద బూడిద రంగులో చీమ తలంత అక్షరాలు కనబడుతున్నాయా? 2016. సీసా ఇదిగో. లేబుల్ మీద 2019. అంటే ఆ 92 మూడేళ్ళ ముందు పంటకు వేసినది. ద్రాక్ష కూడా పంటేనండీ. ఒక ఏడు ఎండ ఎక్కువ, ఒక ఏడు కోత ముందు వాన. అందుకే లేబుల్ మీద సంవత్సరం వేస్తారు. మంచి వరద వచ్చిన ఏడాది దొరికిన పులసను ఎవరో పొగిడితే, ఆ పొగడ్త తెచ్చి వరదే రాని ఏడాది చేపకు తగిలించి అమ్మితే ఊరుకుంటామా? కొట్టులో కార్డు మార్చడం మరిచిపోయి ఉండవచ్చు. ఆ మరుపు ఎప్పుడూ మంచి మార్కు వైపే జరిగితే మాత్రం నాకు అనుమానం వస్తుంది.

మా బావ ఈ ఫోటోను మళ్ళీ మళ్ళీ చూశాడు, ఏమీ అనలేదు.

సరే, అన్నీ సక్రమంగా ఉన్నాయి, సంవత్సరం సరిపోయింది, వేసినవాడు నిజాయితీపరుడు. అప్పుడైనా 92కూ 89కీ తేడా అంత గట్టిదా? కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయనకు సొంత వైను తయారీ కూడా ఉంది. తన వైనుకు ఒక పోటీలో బంగారు పతకం వచ్చి ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం ఆయనకు అంతుబట్టలేదు. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో జరిగే పోటీలో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలో వైనును, వాళ్ళకు తెలియకుండా, మూడుసార్లు పోయించాడు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. మామూలు నిర్ణేత మార్కులు అటూ ఇటూ నాలుగేసి ఊగాయి. అంటే 90 వేసిన చేయే మరో గుక్కకు 86 వేయవచ్చు, 94 వేయవచ్చు. మూడుసార్లూ దగ్గర దగ్గరగా మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు. ఎదుటివాళ్ళ నాలుకను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మనిషి నాలుక అంతే. మా ఇంట్లో ఒకే కుండలోని పులస పులుసు వండిన రోజు ఒక రుచి, మర్నాడు ఇంకో రుచి.

మరి అమ్మేవాళ్ళెవరినీ నమ్మకూడదా? నమ్మవచ్చు. నా చిన్నప్పుడు సిద్ధాంతం వంతెన దగ్గర మా అమ్మ ఒకే ఒక్క ఆవిడ దగ్గర చేప కొనేది. ఒకసారి అమ్మ చేతిలో ఉన్న చేపను ఆవిడే వెనక్కి తీసుకుంది. బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించి, "ఇది ఏటి చేప కాదమ్మా, సముద్రానిది. మీకు వద్దు" అని బుట్టలో పడేసింది. ఆ రోజు మేము పప్పుతో తిన్నాం. ఆ తరువాత ఆవిడ "ఇది పులస" అంటే అమ్మ ఇంకో ప్రశ్న వేయలేదు. వద్దు అని చెప్పగల మనిషి బాగుంది అంటే దానికి విలువ. వైను కొట్టును కూడా ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడండి.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కొట్టు వెబ్‌సైటులో కొన్నవాళ్ళు ఇచ్చే చుక్కలు: అంకె కంటే రాసిన మాటలు చదవండి, పుల్లగా ఉందా, వగరుగా ఉందా అన్నది అక్కడే దొరుకుతుంది. ధర: 2008లోనే ఇంకో ప్రయోగంలో ఒకే వైనుకు ఒకసారి 10 డాలర్లు, ఒకసారి 90 డాలర్లు అని చెప్పి ఇస్తే జనానికి 90ది ఎక్కువ నచ్చింది, కాబట్టి ధరను మార్కుగా తీసుకోకండి. అంకె పక్కన వేసినవాడి పేరు లేకపోతే దాన్ని లెక్కలోకే తీసుకోకండి. పేరు ఉంటే, సంవత్సరం సీసాతో సరిపోయిందో లేదో చూడండి. తాగిన వైను ఎలా ఉందో ఫోనులో రెండు ముక్కలు రాసుకోండి, పది సీసాల తరువాత మీ మార్కులే మీకు పనికొస్తాయి.

మా బావ తిరిగి వెళ్ళేటప్పుడు ఒక పని అప్పజెప్పాను. అదే కొట్టుకు వెళ్ళి, అన్నిటికంటే తక్కువ మార్కులు ఉన్న సీసా ఫోటో తీసి పంపమన్నాను. రెండు వారాలకు వచ్చింది.

[తెరపై: కొత్త ఫోటో. ఎర్ర కార్డు మీద 88.]

కింద సందేశం: "అరలన్నీ తిరిగాను బావా. ఇంతకంటే తక్కువది లేదు."