సీడీ4 బాగుంది సరే, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకున్నారా?

[తెరపై: చెన్నై సెంట్రల్, గూడూరు వైపు నుంచి వచ్చిన రైలు దిగుతున్న జనం]

నమస్కారమండి. మన దేశంలో హెచ్ఐవీ తొలిసారి బయటపడింది ఈ చెన్నైలోనే, 1986లో. మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో అది కనిపించింది. అప్పటి నుంచి హెచ్ఐవీ అంటే మనకి రక్తమే గుర్తొస్తుంది. ఊళ్లో ఎవరి కంటా పడకుండా నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి ఇక్కడికొచ్చి మందులు తీసుకెళ్లే అక్కలు కూడా "సీడీ4 ఎంతుంది?" అనే అడుగుతారు. సీడీ4 అంటే జబ్బులతో పోరాడే రక్షణ కణాలు, హెచ్ఐవీ దెబ్బతీసేది వాటినే. ఈ వీడియో ముఖ్యంగా వాళ్ల కోసం.

[బొమ్మ: యోని, గర్భాశయ ముఖద్వారం]

పేగుల్లో, యోనిలో, గర్భాశయ ముఖద్వారంలో తడిగా ఉండే లోపలి పొర ఉంటుంది. దాన్ని మ్యూకోసా అంటారు. దీనికంటూ ఒక రక్షణ వ్యవస్థ ఉంది. యోని గోడ మీద కణాలు వరస మీద వరసగా ఉంటాయి. ముఖద్వారం లోపలి దారిలో మాత్రం ఒకటే వరస. యోనిలోని మంచి బ్యాక్టీరియా లాక్టిక్ యాసిడ్ తయారుచేసి అక్కడ పీహెచ్‌ని 4.5 కంటే తక్కువగా ఉంచుతాయి.

ఆ బ్యాక్టీరియా తగ్గితే వాపు వస్తుంది. వాపు ఉన్న చోటికి సీడీ4 కణాలు చేరతాయి. హెచ్ఐవీకి కావాల్సింది సరిగ్గా ఆ కణాలే. దొంగ కోసం కాపు కాసినవాడి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టినట్టు! అందుకే తెల్లబట్ట వాసనతో, దురదతో వస్తుంటే "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకోకండి. సబ్బుతో, యాంటీసెప్టిక్‌తో లోపల కడగడం కూడా వద్దు, ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా పోతాయి.

[బొమ్మ: పేగు పొర]

వైరస్ లోపలికి వచ్చాక మొదటి కొన్ని వారాల్లోనే పేగుల్లోని సీడీ4 కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతాయి. పొర పలచబడి, బ్యాక్టీరియా పదార్థాలు రక్తంలోకి కారతాయి. మందులు వాడితే రక్తంలో సీడీ4 కౌంట్ కోలుకున్నంతగా పేగుల్లో కోలుకోదు. అంటే రక్తంలో సీడీ4 బాగున్నంత మాత్రాన లోపలి పొర కూడా బాగున్నట్టు కాదు.

[తెరపై: గర్భాశయ ముఖద్వారం, దగ్గరగా]

ఇప్పుడు అసలు సంగతి. హెచ్‌పీవీ అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్. అది చాలామంది ఆడవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ముఖద్వారం దగ్గర రక్షణ తగ్గి, అది అక్కడే తిష్ట వేసే అవకాశం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. వాళ్లకి 25 ఏళ్ల నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి పరీక్ష చెయ్యాలని ఆ సంస్థే చెబుతోంది.

పరీక్ష అంటే టెన్షన్ అక్కర్లేదు. హెచ్‌పీవీ పరీక్షకి దూదిపుల్లలాంటి దానితో నమూనా తీస్తారు, అంతే. కొన్నిచోట్ల ముఖద్వారానికి పలచని అసిటిక్ యాసిడ్ పూసి, నిమిషం ఆగి చూస్తారు. తెల్లటి మచ్చ తేలితే క్యాన్సర్ అని కాదు, అక్కడ ఇంకా చూడాలని అర్థం. క్యాన్సర్‌గా మారకముందే ఆ భాగానికి చికిత్స చేసేయొచ్చు.

నా మటుకు నాకు, మందులిచ్చే రోజే, అదే చోట ఈ పరీక్ష కూడా అయిపోవాలి. రైలు టికెట్ పెట్టుకుని, కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని మళ్లీ ఇంకో ఓపీ క్యూలో నిలబెట్టడం అన్యాయం.

మందులు మాత్రం ఒక్కరోజు కూడా మానకండి. వైరల్ లోడ్, అంటే రక్తంలో హెచ్ఐవీ ఎంతుందనేది, పరీక్షకి కూడా దొరకనంత తగ్గి, అలాగే ఉంటే, శృంగారం ద్వారా హెచ్ఐవీ భర్తకి సోకదు. హెచ్‌పీవీ ముప్పు తగ్గినా, పూర్తిగా పోదు, కాబట్టి పరీక్ష తప్పదు.

ఈసారి హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లినప్పుడు సిస్టర్‌ని ఇలా అడగండి: "గర్భాశయ ముఖద్వారం పరీక్ష నాకు ఎక్కడ చేస్తారమ్మా?" ఇంకేమైనా అడగాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, ఉచితం.