అప్పు పద్దులోనే బందీఖానా: వలస కార్మికుల వెట్టిపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. మనుషుల అక్రమ రవాణా అనగానే లారీలో కుక్కేసిన జనం, తాళం వేసిన గదులు కళ్లముందు మెదులుతాయి. ఈ కేసులు నిత్యం చూసే న్యాయవాది, కార్మిక శాఖ తనిఖీ అధికారి, సహాయ కేంద్రం కార్యకర్త మనతో ఉన్నారు. అసలు పరిస్థితి అదేనా?

తనిఖీ అధికారి: చాలాచోట్ల తాళమే ఉండదండీ. గేటు బార్లా తీసి ఉంటుంది, చేతిలో ఫోనూ ఉంటుంది. అయినా కార్మికుడు వెళ్లిపోడు. వెళితే అప్పు ఇంట్లోవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అందుకే తనిఖీకి వెళ్లినవాళ్లు గేటు కంటే ముందు పద్దు పుస్తకం చూడాలి.

వ్యాఖ్యాత: ఆ లెక్క కాస్త విడమరచి చెప్పండి.

కార్యకర్త: జీతం నెలకు 100 వంతులనుకుందాం. తిండి, వసతి యజమానివేనని ఏజెంటు చెప్పాడు. అతనికి కట్టడానికి తెచ్చిన అప్పు 1,000 వంతులు, వడ్డీ నెలకు నూటికి 3. ఇంటి ఖర్చుకు 40 పంపితే 60 మిగులుతుంది. మొదటి నెల అందులో 30 వడ్డీకే పోతుంది, మిగతా 30 అసలుకు జమ. ఇలా కడితే తీరడానికి దాదాపు 24 నెలలు. అంటే రెండేళ్ల కాంట్రాక్టు ముగిసేసరికి చేతిలో ఏమీ ఉండదు. అదీ అంతా సవ్యంగా జరిగితే! అక్కడ దిగాక కొత్త కాగితం ముందు పెట్టి జీతం 70 అంటారు. ఇంటికి 40 పోగా మిగిలిన 30 వడ్డీకి సరి. ఎన్నేళ్లు చాకిరీ చేసినా అసలు కదలదు. వసతికంటూ ఇంకో 10 కోశారా, అప్పు పెరగడం మొదలు.

వ్యాఖ్యాత: కానీ యజమానులు ఒక మాటంటారు. ఇష్టపడే వచ్చాడు, సంతకం పెట్టాడు కదా అని.

న్యాయవాది: అందుకు జవాబు మనుషుల అక్రమ రవాణాపై ఐక్యరాజ్యసమితి 2000లో చేసిన ఒప్పందం, పాలెర్మో ప్రోటోకాల్ 3వ అధికరణలోనే ఉంది. మూడు చూడాలి. మనిషిని చేర్చుకోవడం, తరలించడం వంటి చర్య జరిగిందా, అందుకు మోసమో బెదిరింపో నిస్సహాయతో వాడుకున్నారా, ఉద్దేశం దోపిడీయేనా. ఆ మోసం తేలితే అంగీకారానికి విలువ లేదు. పిల్లల విషయంలో మోసం రుజువు చేయనక్కర్లేదు కూడా. ఇక బలవంతపు చాకిరీపై 1930 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక అడిగేది, ఏదో శిక్ష చూపి బెదిరించి చేయిస్తున్నారా అని. ఆ శిక్ష దెబ్బలే కానక్కర్లేదు. 'వీసా రద్దు చేయిస్తా' అన్నా అదే. అయితే జీతం ఎగ్గొట్టిన ప్రతి కేసుకూ అక్రమ రవాణా అని పేరు పెట్టకండి. రుజువు కాకపోతే, వేతన చట్టం కింద తేలిగ్గా వచ్చే బకాయి కూడా ఏళ్ల తరబడి ఇరుక్కుంటుంది.

తనిఖీ అధికారి: గుర్తుపట్టడానికి ఆ సంస్థే 11 సూచికలు ఇచ్చింది. పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పు ఉచ్చు, ఒంటరిని చేయడం, శ్రుతిమించిన ఓవర్‌టైమ్ లాంటివి. ఒక్కోసారి ఒక్కటే చాలు, ఒక్కోసారి నాలుగైదు కలిస్తేగానీ తేలదు. బ్యాంకు ద్వారా జీతం వేస్తున్నారంటే అంతా బాగుందనుకోవడం పెద్ద పొరపాటు. ఏటీఎం కార్డులన్నీ సూపర్‌వైజరు జేబులో ఉండొచ్చు. జీతం పడిన రోజే, ఒకే యంత్రం దగ్గర, నిమిషాల తేడాతో పదిమంది ఖాతాల్లోంచి డబ్బు తీసినట్టు స్టేట్‌మెంటులో ఉంటే గట్టిగా అనుమానించాలి.

వ్యాఖ్యాత: కార్మికులు నోరు విప్పుతారా?

తనిఖీ అధికారి: మేస్త్రీనే దుబాసీగా పెట్టుకుంటే ఎలా విప్పుతారు! జరిగే తప్పు అక్కడే. ఒక్కొక్కరినీ విడిగా, పని చోటుకు దూరంగా, బయటి దుబాసీతో మాట్లాడించాలి. 'నిన్ను అమ్మేశారా' అని మొదలుపెడితే లేదనే అంటారు. పాస్‌పోర్టు ఎక్కడుంది, చివరి జీతం ఎప్పుడొచ్చింది, జ్వరమొస్తే సెలవిస్తారా, ఇంకా ఎంత బాకీ ఉంది. ఇవి అడగండి.

వ్యాఖ్యాత: విడిపించాక?

కార్యకర్త: అసలు చిక్కు అప్పుడే. వీసా గడువు మించి ఉన్నారని మర్నాడే విమానం ఎక్కించేస్తారు. అప్పు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ అదే ఏజెంటు గుమ్మం తొక్కుతారు. ముందు జీతం బకాయి తేల్చండి, క్రిమినల్ కేసు తర్వాత చూద్దాం.

న్యాయవాది: నేను ఒప్పుకోను. డబ్బు చేతికొచ్చి మనిషి వెళ్లిపోతే సాక్షి పోయినట్టే. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం తీసుకుని ఆ తర్వాత పంపాలి.

కార్యకర్త: ఆ వాంగ్మూలానికి నెలలు పడితే అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఉండమంటే పని చేసుకునే అనుమతి కూడా ఇవ్వాలి.

న్యాయవాది: అది ఒప్పుకుంటాను. బలవంతంగా చేయించిన నేరాలకు బాధితులపై కేసు పెట్టకుండా వదిలే అధికారం ఇవ్వాలని ఇందాక చెప్పిన 1930 ఒడంబడికకు 2014లో చేర్చిన ప్రోటోకాల్ కూడా చెబుతోంది.

వ్యాఖ్యాత: ఏజెంటు రుసుమే లేకపోతే ఈ అప్పు పుట్టదు కదా?

న్యాయవాది: నిజమే. కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒడంబడిక 7వ అధికరణ అంటుంది. మినహాయింపులకు తావుంది, అన్ని దేశాలూ ఆమోదించలేదు కూడా. అందుకే రుసుమును వైద్య పరీక్ష, శిక్షణ, ప్రయాణం అని పేర్లు మార్చి గుంజుతారు. అవి కూడా నియామక ఖర్చులేనని ఆ సంస్థే 2019లో ఇచ్చిన నిర్వచనంలో ఉంది.

వ్యాఖ్యాత: బయల్దేరేవాళ్లు వెంటనే చేయదగ్గవి చెప్పండి.

కార్యకర్త: సందర్శకుల వీసాపై పనికి వెళ్లొద్దు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు అన్ని పేజీల ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోనులో ఉంచాలి. మీ ఫోను పోవచ్చు లేదా లాక్కోవచ్చు. ఏజెంటుకిచ్చే డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఖాళీ కాగితంపై సంతకం వద్దు. పనిలో చేరిన రోజు నుంచీ చిన్న పుస్తకంలో ఏ రోజు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు, ఎంత చేతికిచ్చారు, ఎంత కోశారు, ఎవరు కోశారు అన్నది రాయండి.

తనిఖీ అధికారి: ఆ రాత ఏరోజుకారోజు ఉండాలి. ఫిర్యాదుకు ముందు ఒకే పెన్నుతో కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది, యజమాని వకీలు దాన్నే పట్టుకుంటాడు.