మకమకలాడే వత్తి

అందరికీ వందనాలు.

ఈమధ్య ఒక అమ్మ నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, గుండె మీద బరువేమీ లేదు. ఉంటే ఏడ్చి దించుకుందును. లోపల ఏమీ లేదు, అంతే" అంది. నేను అలవాటుగా యెషయా 61:3 చదివాను: "భారభరితమైన ఆత్మకు ప్రతిగా స్తుతివస్త్రము". మర్యాదకి తలూపింది, వెళ్లిపోయింది. బరువు లేదు మొర్రో అన్న మనిషికి నేను భారం గురించి చదివానన్నమాట!

ఇంటికెళ్లి హెబ్రీ తీశాను. అక్కడున్న మాట "రూఅఖ్ కేహా". రూఅఖ్ అంటే ఆత్మ, ఊపిరి, గాలి కూడా. కేహా అంటే మసకబారినది, వెలుగు తగ్గినది. బరువన్న ఊసే లేదు. ముసలితనంలో ఇస్సాకు కళ్లకు పట్టిన మసకకీ ఈ ధాతువే. మోషేకి 120 ఏళ్లొచ్చినా "దృష్టిమాంద్యము లేదు" అన్నచోటా ఇదే. లేవీయకాండం 13లో యాజకుడు చర్మం మీది మచ్చను చూస్తాడు. అది కేహా అయి, వ్యాపించకపోతే ఆ మనిషి శుద్ధుడు. ఈ మాట శుభవార్తగా వినబడేది బహుశా అక్కడొక్కచోటే.

మరి భారం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోనూ భారమే ఉంది. బైబిలుని లాటిన్‌లోకి మార్చిన జెరోము దుఃఖం అన్నాడు. వాళ్లందరికంటే ముందు గ్రీకులోకి మార్చినవాళ్లు "అకేదియా" అన్నారు. దేనిమీదా మనసు పెట్టలేని నీరసం అది. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి దీని గురించి రాస్తూ, అది పట్టినవాడికి సూర్యుడు కదలనట్టే ఉంటాడు, రోజుకి యాభై గంటలున్నట్టు తోస్తుంది అన్నాడు. ఆ అమ్మ చెప్పింది అదే.

అసలు విచిత్రం ఏమిటంటే, సరైన తెలుగుమాట మన బైబిల్లోనే ఉంది. యెషయా 42:3 తెరవండి. దేవుడు తన సేవకుడి గురించి చెప్పే చోటది. "నలిగిన రెల్లును అతడు విరువడు, మకమకలాడుచున్న జనుపనార వత్తిని ఆర్పడు". మకమకలాడడం అంటే ఆరిపోబోతూ మసకగా వెలగడం. ఆ "మకమకలాడుచున్న" దగ్గర హెబ్రీలో ఉన్నది కేహాయే. (హెబ్రీలో నార అవిసెది. మనవాళ్లు మనకు తెలిసిన జనుము వేశారు, మంచిపనే చేశారు.)

మా ఊరికి కరెంటు ఆలస్యంగా వచ్చింది. ఆముదం దీపం అడుగంటితే వత్తి కొస నల్లగా పేరుకుపోయేది, మంట ఆవగింజంతకి కుదించుకుపోయేది, వెలుగుకన్నా పొగే ఎక్కువ. ఆ పొగకి దగ్గొచ్చి నేను ఊదేయబోతే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టేది. చీపురుపుల్లతో కొస దులిపి, వత్తి ఎగదోసి, కాస్త ఆముదం వంచేది. బరువు మోసేవాడికైతే తలమీది మూట దించాలి. ఈ వత్తి మీంచి ఏం దించుతారు?

అలాగని 61:3లోని "ఆనందతైలము" తెచ్చి ఈ దీపంలో పోయకండి. ప్రసంగానికి భలే కుదురుతుంది గానీ, అది తలకి రాసే నూనె, దుఃఖానికి ప్రతిగా ఇచ్చింది. మసకబారిన ఆత్మకి ఇచ్చింది వస్త్రం. ఎవరికి? తర్వాతి వచనం చూడండి: "తరతరములనుండి" శిథిలంగా ఉన్న ఊళ్లవాళ్లకి. క్రీ.పూ. 586లో యెరూషలేము తగలబడింది. కొత్త దుఃఖమైతే గుండె బాదుకుంటారు. తరాలు గడిచాక బాదుకునే ఓపికా ఉండదు.

42:4 కూడా చదివి ఆపుతాను. ఆ సేవకుడు "మందగిలడు, నలుగుడుపడడు". తెలుగులో ఇవి వేరే మాటల్లా ఉన్నాయి గానీ, హెబ్రీలో పై వచనంలోని వత్తికీ రెల్లుకీ వాడిన ధాతువులే. ఆర్పనన్నవాడు తానూ మకమకలాడడు.

ఆదివారం ఆ అమ్మ కనబడితే ఈ రెండు వచనాలూ చదివి వినిపించాను. ఈసారి తలూపలేదు. "ఆ పేజీ మడిచి ఇవ్వండి అయ్యగారూ" అంది.